డెట్రాయిట్ ఏనుగు

1966 నుంచి వచ్చిన కొన్ని డాడ్జ్, ప్లిమత్ కార్ల బానెట్ ఎత్తితే మెకానిక్ అన్నవాడి చూపు ముందుగా ప్లగ్గు వైర్ల మీద పడుతుంది. మామూలు వి-8 ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు హెడ్డుకి పక్కగా, పొగగొట్టాల దగ్గర ఇరుక్కుని ఉంటాయి. ఇక్కడ అలా కాదు. వాల్వ్ కవర్‌కి నట్టనడుమ వరసగా నాలుగు రంధ్రాలు, వాటిలోంచి వైర్లు తిన్నగా లోపలికి దిగిపోతాయి. ఆ కవర్ వెడల్పు చూస్తేనే కింద ఉన్న హెడ్డు ఎంత పెద్దదో తెలిసిపోతుంది. ఇదే క్రైస్లర్ కంపెనీ 426 హెమీ. దీని ఆకారం, బరువు చూసి రేసులవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఏనుగు.

426 అన్నది ఘనపు అంగుళాల లెక్క. మన లెక్కలో 7 లీటర్లకు ఒక్క పిసరు తక్కువ. ఒక్కో సిలిండరే 872 సీసీ ఉంటుంది. మన మారుతి 800 ఇంజన్ మొత్తం కలిపినా 796 సీసీయే.

ప్లగ్గు నడుమ ఎందుకుందంటే, సిలిండర్ పైకప్పు బల్లపరుపుగా కాక అర్ధగోళంలా తొలిచి ఉంటుంది కాబట్టి. బల్లపరుపు కప్పులో రెండు వాల్వులూ పక్కపక్కనే సర్దుకోవాలి, అందుకని వాటి సైజు పెంచడానికి చోటుండదు. గుమ్మటంలో ఒక వాల్వు ఒక వాలు మీద, రెండోది ఎదుటి వాలు మీద కూర్చుంటాయి. ఈ ఇంజన్ బోరు 4.25 అంగుళాలు. అందులో 2.25 అంగుళాల ఇన్‌టేక్ వాల్వు, 1.94 అంగుళాల ఎగ్జాస్టు వాల్వు పట్టాయి. గాలి ఒక వైపు నుంచి వచ్చి, మలుపు తిరగకుండా రెండో వైపుకి వెళ్ళిపోతుంది. మంట నడుమన పుట్టి నాలుగు వైపులకీ ఇంచుమించు సమంగా పాకుతుంది. గోళాకారానికి ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం తక్కువ. అందువల్ల లోహం తాగేసే వేడి తగ్గి, పిస్టన్‌ని తోసే వేడి మిగులుతుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. ఎదురెదురుగా వాలిన వాల్వులను తెరవాలంటే ఒక్కో హెడ్డుకి రెండేసి రాకర్ షాఫ్టులు కావాలి, దూరంగా ఉన్న ఎగ్జాస్టు వాల్వుకి పొడుగాటి రాకర్ కావాలి. ఇనుము ఎక్కువ, పని ఎక్కువ, ఖర్చు ఎక్కువ. నెమ్మదిగా నడిపేటప్పుడు గాలీ పెట్రోలూ సరిగ్గా కలవవు. కూరగాయల మార్కెట్‌కి వెళ్ళే కారుకి పెట్టాల్సిన ఇంజన్ కాదిది. క్రైస్లర్ ఇంజనీర్లకు ఆ సంగతి బాగా తెలుసు.

అర్ధగోళపు హెడ్డు క్రైస్లర్ కనిపెట్టింది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆ ఊహ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో క్రైస్లర్ ఆ హెడ్లతోనే 16 సిలిండర్ల విమాన ఇంజన్ ఒకటి తయారుచేసింది, దాని శక్తి 2,500 గుర్రాలు. పి-47 యుద్ధ విమానంలో పెట్టి ఎగరేసి చూసేసరికి 1945 వచ్చింది, యుద్ధం ముగిసింది. ఆ అనుభవం కార్లలోకి దిగింది. 1951లో ఫైర్‌పవర్ పేరుతో 331 ఘనపు అంగుళాల హెమీ 180 గుర్రాల శక్తితో బయటికొచ్చింది. ఖర్చు తట్టుకోలేక 1958తో కంపెనీ దాన్ని ఆపేసింది. కానీ అప్పటికే పాత ఇనుప సామాన్ల కొట్లలో దొరికిన ఫైర్‌పవర్ ఇంజన్లను విప్పి, పావు మైలు పరుగులకు సిద్ధం చేసుకునే కుర్రాళ్ళు అమెరికా నిండా తయారయ్యారు.

పావు మైలు అంటే 1,320 అడుగులు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే తిన్నగా దూసుకుపోవడం, అవతలి గీత ముందు దాటినవాడు గెలవడం. ఇదే డ్రాగ్ రేసు. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్ఆర్ఏ సంస్థ పెట్టాక వీధుల్లో జరిగే ఈ పోటీలు నిబంధనల కిందికి వచ్చాయి. క్రైస్లర్‌లోనే కొందరు యువ ఇంజనీర్లు రామ్‌చార్జర్స్ అనే క్లబ్బుగా చేరి, సొంత డబ్బుతో కార్లు కట్టి పరుగెత్తించేవాళ్ళు. వాళ్ళలో టామ్ హూవర్ ఒకడు. కంపెనీకి మళ్ళీ రేసుల మీద గాలి మళ్ళినప్పుడు, హెమీ హెడ్డుని కొత్త పెద్ద బ్లాకు మీద కూర్చోబెట్టే పని అతని మీద పడింది.

గడువు 1964 ఫిబ్రవరి 23, ఫ్లోరిడాలో డేటోనా 500 రేసు. పోటీకి వారాల ముందు బెంచి మీద పరీక్షిస్తుంటే సిలిండర్ గోడలు పగిలాయి. గోడ మందం పెంచి బ్లాకులు మళ్ళీ పోత పోశారు. అవి రేసుకి అందాయి. రిచర్డ్ పెట్టీ 200 చుట్లలో 184 చుట్లు ముందుండి గెలిచాడు. రెండో స్థానం, మూడో స్థానం కూడా హెమీ పెట్టుకున్న ప్లిమత్‌లవే.

గెలుపు మరీ ఏకపక్షం కావడంతో తగువు మొదలైంది. జనం కొనుక్కునే కారులో లేని ఇంజన్ మా రేసులో ఎలా పరుగెడుతుందని ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ అడిగి, 1965కి దాన్ని వెలేసింది. పెట్టీ ఆ ఏడాది డ్రాగ్ రేసులకు మళ్ళాడు. ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో జరిగిన ఒక పరుగులో అతని కారు అదుపు తప్పి జనంలోకి దూసుకెళ్ళింది, ఎనిమిదేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. గోడలూ కంచెలూ సరిగ్గా లేని ఆనాటి మైదానాల్లో ఇంత శక్తిని వదలడం ఎంత ప్రమాదమో చెప్పకుండా ఈ ఇంజన్ గొప్పలు మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

1966లో క్రైస్లర్ ఆ నిబంధనకి తలవంచింది. రేసు ఇంజన్‌ని కాస్త మెత్తబరిచి, 10.25 కంప్రెషన్‌తో, రెండు కార్టర్ కార్బురేటర్లతో, 425 గుర్రాల శక్తి అని కాగితం మీద రాసి షోరూముల్లో పెట్టింది. అలా వీధి కోసం పుట్టని ఇంజన్ వీధిలోకి వచ్చింది. 1970లో ప్లిమత్ ’కుడా కారు కొనేవాడు దీనికోసం అదనంగా 871 డాలర్లు పెట్టుకోవాలి. ఇన్సూరెన్సు ఖర్చు వేరే. 1971తో ఈ వీధి హెమీ ఆగిపోయింది. పొగ మీద చట్టాలు బిగిశాయి, ఇన్సూరెన్సువాళ్ళు కుర్రాళ్ళ కార్ల మీద కన్నెర్రజేశారు. ఆ చివరి ఏడాది తయారైన హెమీ ’కుడా కన్వర్టిబుల్స్‌లో ఒకటి 2014 వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న మాట దీనికి అక్షరాలా సరిపోయింది. అయితే అద్దాల గదిలో నిలబెట్టి తుడుస్తున్న హెమీని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఈ ఇంజన్ ఇన్నేళ్ళు బతికింది దాన్ని విప్పి బిగించేవాళ్ళ చేతుల్లో. విప్పకపోతే అది తనంతట తాను సర్దుకునే రకం కాదు.

ట్యాపెట్ల సంగతే చూడండి. 1969 వరకు వచ్చిన వీధి హెమీలకు సాలిడ్ ట్యాపెట్లు. ఇప్పటి చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితో వాల్వు సందు దానంతటదే సరిపోతుంది. వీటిలో మాత్రం పదహారు వాల్వులకీ చేత్తో సెట్ చేయాలి. ముందు ఎనిమిది ప్లగ్గు వైర్లు, వాటి పొడుగాటి గొట్టాలు తీయాలి, తర్వాతే కవర్ ఊడుతుంది. ప్లగ్గు గొట్టాల చుట్టూ ఉండే సీళ్ళు గట్టిపడితే ఆయిల్ లోపలికి దిగి ప్లగ్గు అడుగున మడుగు కడుతుంది, అది ఇక్కడే బయటపడుతుంది. క్రాంకుని పానాతో తిప్పుతూ ఒక సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెస్తారు. అప్పుడు ఆ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య ఫీలర్ గేజి రేకు దూర్చి లాగుతారు. రేకు మరీ వదులుగా జారకూడదు, బిగుసుకుపోనూ కూడదు. వెన్న రాసినట్టు కాస్త పట్టుతో రావాలి. వచ్చాక లాక్ నట్టు బిగిస్తారు. బిగించేటప్పుడు స్క్రూ ఇసుమంత తిరుగుతుంది కనుక మళ్ళీ రేకు పెట్టి చూస్తారు.

ఆ సందు మీదే వాల్వు ప్రాణం ఉంది. ఎగ్జాస్టు వాల్వు ఎర్రగా కాలుతుంది, ఆ వేడిని అది మూసుకుని సీటుకి ఆనినప్పుడే వదిలించుకోగలదు. సందు తగ్గితే వాల్వు పూర్తిగా ఆనదు, వేడి దిగదు, అంచు కాలి తెగుతుంది. సందు ఎక్కువైతే రాకర్ సుత్తిలా కొడుతుంది, చప్పుడు రోడ్డు చివరిదాకా వినిపిస్తుంది.

పెట్రోలు కూడా మారింది. ఆ రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్ళు. అది వాల్వు సీట్ల మీద పల్చటి పూతలా నిలిచి అరుగుదలని ఆపేది. సీసం విషమని తెలిసి తీసేయడం మంచి పనే. ఇప్పుడు హెడ్డుని లేత్ షెడ్డుకి తీసుకెళ్ళి గట్టి సీట్లు దిగ్గొట్టించుకుంటారు. ఇప్పటి అమెరికా పెట్రోల్‌లో పదో వంతు దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ లోపలి వాషర్లను అది తినేస్తుంది కాబట్టి అవీ మార్చాలి. రెండు కార్బురేటర్లలో వెనకది ముందు తెరుచుకుంటుంది, ముందుది తర్వాత అందుకుంటుంది. మధ్యలో ఉన్న కడ్డీలు సరిగ్గా సెట్ కాకపోతే కాలు నొక్కినప్పుడు ఒక క్షణం తడబడి, తర్వాత ఎగిరి దూకుతుంది.

ఇక పరుగు సంగతి. శక్తి పెంచడం కంటే దాన్ని నేలకి అప్పజెప్పడం కష్టం. కారు కదలగానే బరువు వెనక్కి ఒరుగుతుంది, వెనక టైర్లకు పట్టు దొరుకుతుంది. 1965లో క్రైస్లర్ రేసు కార్లకు ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ రెంటినీ ముందుకు జరిపి, బరువు ఇంకా వెనక పడేలా చేశారు. చూడ్డానికి వింతగా ఉన్నాయని జనం వాటిని ఫన్నీ కార్లన్నారు, తర్వాత అదే ఒక తరగతి పేరైంది. ఇంకో చిక్కు ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు మెలితిరిగే బలం వెనక ఇరుసుని ఒక పక్కకి తిప్పడానికి చూస్తుంది. ఎడమ టైరు నేలకి నొక్కుకుంటుంది, కుడి టైరు తేలిపోతుంది. దానికి విరుగుడుగా క్రైస్లర్ కుడి కమాన్ పట్టీని ఎడమ దానికంటే గట్టిగా చేసి రేసువాళ్ళకు అమ్మింది. కంప్యూటర్ లేని కాలంలో ఇంత సూక్ష్మంగా ఆలోచించినందుకు నాకు ఆ ఇంజనీర్ల మీద ఎప్పటికీ గౌరవమే.

1968లో హెమీని డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారకూడా అనే చిన్న కార్లలో ఎక్కించి డ్రాగ్ రేసులకే అమ్మారు. తలుపుల రేకుని ఆమ్లంలో ముంచి పల్చన చేశారు. బానెట్, ముందు మడ్‌గార్డులు ఫైబర్ గ్లాసు. అద్దాలు పల్చనివి, వాటిని పైకి లాగడానికి పిడి బదులు పట్టీ. వెనక సీటు తీసేశారు, బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. రోడ్డు మీద నడపడానికి కాదని ముందే చెప్పి, వారంటీ లేకుండా అప్పగించారు.

మరో దారిలో ఈ ఇంజన్ ఇంకా దూరం వెళ్ళింది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ మైదానంలో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారు గేరు బాక్సు కాళ్ళ దగ్గర పేలి, అతని కుడి పాదం కొంత తెగిపోయింది. ఇంజన్‌ని డ్రైవర్ ముందు కాదు, వెనక పెట్టాలని అతను ఆస్పత్రి మంచం మీదే నిశ్చయించుకున్నాడు. 1971లో అలా కట్టిన కారుతో వచ్చి గెలిచాడు. టాప్ ఫ్యూయల్ అనే డ్రాగ్ రేసు తరగతి ఆ తర్వాత అంతా అదే బాట పట్టింది. ఈనాటి టాప్ ఫ్యూయల్ ఇంజన్ బ్లాకు అల్యూమినియం, కొలత 500 ఘనపు అంగుళాలు, ఒక్కో సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. కానీ రూపురేఖలు 426వే: అదే అర్ధగోళం, రెండు వాల్వులు, పుష్ రాడ్లు.

ఇంధనంలో 90 శాతం నైట్రోమీథేన్. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి 1.7 కిలోలు చాలు. కిలోకి ఇచ్చే వేడి పెట్రోల్‌లో నాలుగో వంతే అయినా, అదే గాలికి ఎన్నో రెట్లు ఇంధనం పోయవచ్చు, శక్తి రెట్టింపుకి మించిపోతుంది. సూపర్‌చార్జర్ తోడై 11,000 గుర్రాల దాకా వెళ్తుంది. పరుగు సగంలోనే ప్లగ్గుల కొసలు కరిగిపోతాయి. ఆపైన లోపలి వేడికీ ఒత్తిడికీ ఇంధనం దానంతటదే అంటుకుంటుంది, ఇంధనం ఆపితే తప్ప ఇంజన్ ఆగదు. 2008లో స్కాట్ కలిటా అనే డ్రైవర్ పరుగులో మరణించాక పరుగుని 1,000 అడుగులకు కుదించారు. గంటకు 530 కిలోమీటర్ల పైబడి వేగంతో గీత దాటిన ఆ ఇంజన్‌ని గుడారంలోకి తెచ్చి, గంటలోపే విప్పి, పిస్టన్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు మార్చి మళ్ళీ బిగిస్తారు.

అయినా నా మనసు ఆ 1968 డార్ట్‌లూ బారకూడాల మీదే. ఇండియానాపొలిస్‌లో సెప్టెంబరు మొదటి సోమవారం నాటికి ముగిసే జాతీయ పోటీల్లో వాటికి విడిగా పందెం జరుగుతూ వచ్చింది. కొత్తలో పావు మైలుకి పదిన్నర సెకన్ల దరిదాపుల్లో తీసుకున్న కార్లు, ఇప్పుడు ఎనిమిదిన్నరకి అటూ ఇటూగా వెళ్తున్నాయి. టర్బో లేదు, నైట్రో లేదు. ఆ రెండు సెకన్లూ కొన్ని వందల చోట్ల నుంచి వచ్చాయి. క్యామ్ అంచు వంపు మార్చి కొంత, పిస్టన్ రింగు పల్చన చేసి కొంత, పల్చటి ఆయిల్ వల్ల కొంత, మెత్తటి టైర్లవల్ల కొంత, వెనక స్ప్రింగుల బిగింపు సరిచేసి కొంత. ఇంకా ఒక్క వందో వంతు సెకను ఎక్కడ దొరుకుతుందోనని ప్లగ్గు విప్పి దాని కొస రంగు చూసేవాళ్ళు ఈ ఏడాదీ ఉన్నారు.