వేడి తక్కువ, వెలుగు ఎక్కువ

చీకటిని జయించాలనే కోరిక మానవునికి అనాది నుండి ఉన్నది. తెలుగులో దీపమన్నా, ఉర్దూలో చిరాగ్ అన్నా, ఆ మాట వినగానే మనసుకు కలిగే ధైర్యం ఒక్కటే. ఆముదపు ప్రమిద, కిరసనాయిలు బుడ్డి, హరికేన్ లాంతరు, విద్యుద్దీపం అనే వరుసలో నేడు మన ఇండ్లకు వచ్చి చేరినది ఎల్.ఇ.డి. దీపం. బల్బు మార్చడం చిన్న పని. అయితే దాని వెనుక ఉన్న శాస్త్రమూ, ఆర్థికమూ చిన్నవి కావు. విద్యార్థులమైన వారందరమూ వాటిని తెలుసుకోవడం అవసరం.

1879లో ఎడిసన్ లోకానికి చూపిన బల్బు సూత్రం సులభమైనది. సన్నని తీగ గుండా విద్యుత్తును పంపితే ఆ తీగ కాగి ఎర్రబడి, తెల్లబడి వెలుగుతుంది. తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చిన టంగ్‌స్టన్ తీగ రమారమి 2500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతుంది. అనగా అది మొదట పొయ్యి, తరువాత దీపం. మనం చెల్లించే ప్రతి నూరు పైసల విద్యుత్తులో తొంభై పైసలకు పైగా వేడిగా పోతుంది; వెలుగుగా మారేది పది పైసల కంటె తక్కువే. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల వేసవిలో ఆ వేడిని మనం డబ్బిచ్చి కొనుక్కొని, దానిని పోగొట్టుకొనడానికి మరల ఫంకా వేసుకొనేవారము!

ఎల్.ఇ.డి. మార్గం వేరు. ఇందులో కాగే తీగ లేదు. రెండు విధాల అర్ధవాహక పదార్థాలు కలిసే చోట ఎలక్ట్రానులు ఖాళీ స్థానాలలోనికి దిగినప్పుడు, అవి విడిచే శక్తి కాంతిగా వెలువడుతుంది. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు నిక్ హోలోన్యాక్ ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని చేశాడు. అయితే గదికి కావలసినది తెల్లని వెలుగు. దానికి నీలికాంతి అవసరమైనది. ఆ నీలికాంతి మూడు దశాబ్దాల పాటు శాస్త్రజ్ఞుల చేతికి చిక్కలేదు. జపాను దేశీయులైన అకసాకి, అమానో, నకమురా గాలియం నైట్రైడు అనే పదార్థంతో ఆ చిక్కు విప్పారు. వారికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానం లభించింది. నేటి మన బల్బులో ఉన్నది ఆ నీలికాంతియే. దానిపై పూసిన పసుపువన్నె ఫాస్ఫరు పూత అందులో కొంత భాగాన్ని పసుపుకాంతిగా మార్చగా, రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనబడతాయి.

ఈ వెలుగు సామాన్యుని ఇంటికి రావడానికి ధర అడ్డుగా ఉండేది. కేంద్ర ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థల ఉమ్మడి సంస్థ అయిన ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ దేశమంతటి అవసరాన్ని ఒకచోట చేర్చి టోకున కొనసాగింది. 2014లో ఒక్కొక్కటి 310 రూపాయలకు కొన్న బల్బు, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లోనే పాత బల్బు తెచ్చి యిచ్చిన గృహస్థులకు పది రూపాయల చొప్పున ఎల్.ఇ.డి. బల్బులు పంచిపెట్టారు. మన రాయలసీమలోని అనంతపురం ఆ మొదటి విడత జిల్లాలలో ఒకటి. ఆ సంవత్సరం అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అంధకారంలో ముంచిన పిదప, ఆ నగర వీథిదీపాలు తొంభై వేలకు పైగా ఎల్.ఇ.డి.లుగా మారాయి. 2015 జనవరిలో దేశవ్యాప్తమై, తరువాత 'ఉజాలా' అని పేరొందిన పథకం క్రింద 36 కోట్లకు పైగా బల్బులు ప్రజలకు చేరాయి.

ఇక మన ఇంటి లెక్కకు వద్దాం. వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు దినానికి 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దానికి సాటి వచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి.కి యూనిట్టున్నర కూడ కాదు. అట్టి బల్బులు నాలుగున్న ఇంట నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లులో యూనిట్ ధర అంతటా ఒకటి కాదు; వాడకం పెరిగిన కొలది మెట్లుమెట్లుగా పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల ప్రకారం 76 నుండి 125 వరకు యూనిట్ 4 రూపాయల 50 పైసలు. ఆపైన 225 వరకు 6 రూపాయలు. నెలకు 130 యూనిట్లు వాడే ఇల్లు 100కు దిగితే, తగ్గిన ముప్పైలో అయిదు పై మెట్టులోనివి, ఇరవై అయిదు క్రింది మెట్టులోనివి. వెరసి 142 రూపాయల 50 పైసలు మిగులు. పొదుపు ఎప్పుడూ పై మెట్టు నుండి మొదలవుతుందనేది ఇందలి కీలకం. నాలుగు బల్బులకు నాలుగు వందలు పెట్టినా మూడు నెలలలో ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

పాత బల్బులు మా ఇంట లేవు, అన్నీ ట్యూబులైట్లే అనేవారు కలరు. పాత చోకుతో కూడిన 40 వాట్ల ట్యూబు నిజానికి 50 వాట్లకు పైగా తీసుకుంటుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ చాలును. పేరుకు 'జీరో' బల్బు అయినా, రాత్రంతా వెలిగే ఆ పాత బల్బు పది పదిహేను వాట్లు మింగుతుంది. అర వాటు ఎల్.ఇ.డి. ఆ పనిని చక్కగా చేస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. వాట్లు ఖర్చుకు కొలత, వెలుగుకు కొలత ల్యూమెన్లు. కనుక పెట్టెపై రెండూ చూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, నక్షత్రాల చీటీ, వారంటీ ఉన్నదే తీసుకోవాలి. తెల్లవారిన కాంతి వంటి తెలుపునకు 6500 కెల్విన్, సాయంకాలపు పసుపునకు 2700 లేక 3000 కెల్విన్ అని వ్రాసి ఉంటుంది. రాత్రి నిద్రకు ముందు కంటికి హాయినిచ్చేది రెండవది. ఎల్.ఇ.డి. మన్నికకు శత్రువు వేడి. గాలి ఆడని గాజు బుడ్డిలో బిగిస్తే లోపలి విద్యుత్ పరికరం త్వరగా చెడిపోతుంది. ఇందులో పాదరసం లేదు, ట్యూబులైటులో, సి.ఎఫ్.ఎల్.లో ఉన్నది. కాబట్టి తీసివేసిన వాటిని పగులగొట్టి చెత్తకుప్పలో వేయరాదు.

ఒకే గదిలో తల్లి కుట్టుపని, బిడ్డ చదువు, పెద్దవారి నిద్ర జరిగే ఇండ్లు మన పట్టణాలలో ఎన్నో కలవు. అట్టి ఇంటికి పైకప్పున పెద్ద దీపం కంటె పుస్తకం దగ్గర చిన్న దీపం మేలు. దీపానికి దూరం సగమైతే, పుస్తకంపై పడే వెలుగు దాదాపు నాలుగింతలు అవుతుంది. అయిదు వాట్ల బల్లదీపంతో బిడ్డ చదువుకొంటుంది, తాతగారు నిద్రపోతారు. బిల్లుకు భయపడి పెందలకడనే దీపమార్పవలసిన అగత్యం తప్పుతుంది. మా దృష్టిలో ఈ మార్పు యొక్క అసలు విలువ ఇదియే.

అయితే ఒక హెచ్చరిక. యంత్రం పొదుపరి అయితే దాని వాడకం పెరగవచ్చునని ఆంగ్ల ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే బొగ్గును గూర్చి వ్రాశాడు. ఎల్.ఇ.డి. చౌక కదా అని ఒకటి ఉన్నచోట అయిదు తగిలించి, పెండ్లిండ్లలో వీథి పొడవునా దీపాల తోరణాలు తెల్లవార్లూ వెలిగిస్తే, మిగిలినది మరల కరిగిపోతుంది. కడప జిల్లాలోని 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి వాటిలో బొగ్గు మండుతూనే ఉంటుంది. ఇంకొక మాట: దీపాలు మార్చిన ఇంట తరువాతి పెద్ద ఖర్చు ఫంకా. దినానికి 15 గంటలు తిరిగే 75 వాట్ల ఫంకా ఒక్కటే నెలకు 33 యూనిట్లకు పైగా తీసుకుంటుంది. 30 వాట్ల చుట్టుపక్కల పనిచేసే కొత్త రకం ఫంకాలు నేడు దొరుకుతున్నాయి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నారు పెద్దలు. విద్యార్థినీ విద్యార్థులు సెలవులలో తమ ఇంటి దీపాలను, వాటి వాట్లను, వెలిగే గంటలను ఒక కాగితంపై వ్రాసి బిల్లుతో సరిచూడగలరు. తరగతిలో నేర్చిన గణితానికి ఇంతకంటె మంచి అభ్యాసం లేదు. ఎక్కువ గంటలు వెలిగే దీపాన్ని మొదట మార్చాలి. ఎవరూ లేని గదిలో వెలిగే దీపాన్ని మాత్రం, అది ఏ రకపుదైనా సరే, ముందుగా ఆర్పాలి.