సమాధి లేని వైమానికులకు శిలపై పేరే గుర్తు

రంగత్: రంగత్ సహా అండమాన్ దీవులు 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు వరకు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. ఆ కాలంలో మిత్రరాజ్యాల లిబరేటర్ బాంబర్లు బంగాళాఖాతం దాటి పోర్ట్ బ్లెయిర్‌పై దాడులు జరిపాయి. విమానం సముద్రంలో కూలితే సిబ్బందికి సమాధి ఉండదు.

మృతదేహాలను స్వదేశానికి తరలించరాదన్నది 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ పాటించిన నియమం. అందువల్ల భౌతికకాయం లభించినవారిని మరణించిన ప్రాంతానికి చేరువలోనే ఖననం చేశారు. హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే తరహా ఫలకం నిలిపారు. దక్షిణ, తూర్పు భారతంలో శాశ్వత సంరక్షణకు హామీ లేని శ్మశానాల్లోని సమాధులను చెన్నైలోని నందంబాక్కం యుద్ధ శ్మశానవాటికకు చేర్చారు.

సమాధి ఆచూకీ లేనివారికి సింగపూర్‌లోని క్రాంజీ స్మారకమే ఆధారం. అక్కడ 24,000 మందికి పైగా కామన్వెల్త్ సైనికులు, వైమానికుల పేర్లు చెక్కి ఉన్నాయి. వారి కుటుంబాలకు మిగిలింది ఆ పేరు మాత్రమే.