సరిహద్దు దాటిన పథ్యము

మూత్రపిండముల వ్యాధిగల తెలుగు గృహస్థు ఒకరు అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున నివసించుచున్నారనుకొందము. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియము హెచ్చనియు, కూరగాయలు ఉడికించి నీరు వార్చినచో కొంత తగ్గుననియు చెప్పువారు అనేకులుందురు. కాని మన పప్పు, పులుసు, ఆవకాయల సంగతి నెరిగి, వానిలో దేనిని ఎంత తినవచ్చునో నిర్ణయింపగల డైటీషియన్, అనగా పథ్యాహార నిపుణురాలు, నెబ్రాస్కాలో నున్నారు. మాటయే గాక మనిషియు కనబడు టెలిఫోనులు వచ్చినవి గదా, ఆమెనే అడుగరాదా? అడుగవచ్చును, కాని టెన్నెసీ లైసెన్సు లేక ఆమె చికిత్సకు పూనుకొనుట కష్టము.

కారణమేమనగా, ఆ దేశమున వృత్తుల లైసెన్సులు రాష్ట్రముల అధికారములోనివి. పైగా వైద్య సేవ జరిగిన చోటు రోగి యున్న చోటే గాని, నిపుణుడు కూర్చున్న చోటు కాదు. మాట్లాడువాడున్న స్టూడియోనే ముఖ్యమనుకొను మావంటి రేడియోవారికి ఇది వింతగా తోచును. అయినను న్యాయమున్నది: సలహా వికటించినచో రోగి తన రాష్ట్రపు అధికారులకే గదా మొరపెట్టుకొనవలెను!

ఈ చిక్కు విప్పుటకు రాష్ట్రములు తమలో తాము ఒక ఒడంబడిక సిద్ధపరచుకొన్నవి. నర్సులకు ఇట్టిది 2000 నుండియే అమలులో నున్నది. దీని ప్రకారము స్వరాష్ట్రపు లైసెన్సు అట్లే యుండును. దానిపై ఆంక్షలు లేనివారికి, ఒడంబడికలో చేరిన తక్కిన రాష్ట్రములు తమ యొద్ద పనిచేయు హక్కు నొసగును. అక్కడ పనిచేయునపుడు అక్కడి చట్టమునకే లోబడవలెను. స్వరాష్ట్రమున లైసెన్సుపై చర్య వచ్చెనా, పరరాష్ట్రపు హక్కులును పోవును. ఒకచోట తప్పుచేసి వేరొకచోట కొత్త బోర్డు కట్టుకొను వీలుండదు. నా దృష్టిలో ఒడంబడికకు ప్రాణము ఈ నిబంధనయే. తరచు బదిలీయగు సైనికుల భార్యలకు, భర్తలకు కూడ ఇందువలన మేలు. వారు పాత స్వరాష్ట్రమునే నిలుపుకొనవచ్చును.

అలబామా, నెబ్రాస్కా, టెన్నెసీ 2024లో ఇందుకై చట్టములు చేసినవి. ఏడు రాష్ట్రములు చేరినగాని ఒడంబడిక అమలులోనికి రాదని నియమము. మిషిగన్ 2014లో తన లైసెన్సు చట్టమునే రద్దుచేసికొన్నది. లైసెన్సు పద్ధతి లేని రాష్ట్రమునకు ఇందు చోటు లేదు. ఏడు రాష్ట్రములు కూడినను వెంటనే హక్కులు చేతికి రావు. ఉమ్మడి కమిషన్ ఏర్పడవలెను, లైసెన్సుల వివరములు పంచుకొను ఏర్పాటు సిద్ధము కావలెను. హక్కుపత్రము చేతికి వచ్చువరకు మన నిపుణురాలు టెన్నెసీకి వేరుగా దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి వేచియుండవలసినదే.