చీకటిలో వెలిగే రాళ్ళు

తొలకరి జల్లు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పరిసరాల చేలల్లో జనం తలలు వంచుకొని నడుస్తూ కనిపిస్తారు. వారు వెదికేది ఒక్క వజ్రపు తునక కోసం. కూలిపనులు మానుకొని, చెట్లకింద మకాం వేసి, రోజుల తరబడి గాలించే కుటుంబాలున్నాయి. ఇటువంటివారికి చవకగా దొరికే అతినీలలోహిత టార్చి కొత్త ఆశ పుట్టించడం సహజమే. చీకటిలో నీలంగా వెలిగిన రాయి వజ్రమేనా?

ముందు ఆ వెలుగు ఎక్కడిదో తెలుసుకోవాలి. అతినీలలోహిత కిరణాలు మన కంటికి కనిపించవు. అవి సోకినప్పుడు కొన్ని ఖనిజాలలోని ఎలక్ట్రానులు ఆ శక్తిని గ్రహించి పై మెట్టుకు ఎగబ్రాకుతాయి. దిగివచ్చేటప్పుడు కొంత వేడిగా పోగా, మిగిలినది కంటికి కనిపించే కాంతిగా వెలువడుతుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు. 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ దీనికి ఆంగ్లంలో పెట్టిన పేరు ఫ్లోరైట్ అనే ఖనిజం నుంచి వచ్చినదే. ఆ ఫ్లోరైట్ ఛత్తీస్‌గఢ్‌లో రాజనందగావ్ వైపున ఉన్న చాందీ డోంగ్రీలో లభించింది.

ఇందుకోసం అంతదూరం పోనక్కరలేదు. రాయపూర్ చుట్టుపక్కల సున్నపురాయి విస్తారంగా ఉన్నది. గుఢియారీ వీధిలో ఇంటిపనికి పోసిన కంకర కుప్పలోనైనా తెల్లని కాల్సైట్ చార కనిపించవచ్చు. అందులో మాంగనీసు లేశమాత్రం కలిసి ఉంటే ఎర్రగా వెలిగే అవకాశం ఉన్నది. వేరొకచోటి కాల్సైట్ మరో రంగులో వెలగవచ్చు, అసలు వెలగకనూ పోవచ్చు. అంటే రంగు ఆనవాలే తప్ప సాక్ష్యం కాదు.

టంగ్‌స్టన్‌నిచ్చే షీలైట్ విషయంలో మాత్రం ఈ దీపం గొప్ప సాధనం. 254 నానోమీటర్ల హ్రస్వతరంగ కిరణాలలో అది నీలి తెలుపు కాంతితో జ్వలిస్తుంది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో పసిడితోపాటు షీలైట్ కూడ ఉండేది. సాధారణ టార్చీలిచ్చే 365 నానోమీటర్ల కిరణాలకు అది అంతగా స్పందించదు.

ఇక వజ్రం మాట. వజ్రాలలో ఇంచుమించు మూడింట ఒక వంతు మాత్రమే ప్రతిదీప్తి చూపుతాయి. వాటిలో అధికభాగం నీలంగా వెలుగుతాయి. కొల్లూరు గనిలో పుట్టిందని భావించే 45.52 క్యారట్ల హోప్ వజ్రం కథ మరీ విచిత్రం. హ్రస్వతరంగ దీపం ఆర్పిన తరువాత ఆ నీలి వజ్రం కొంతసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. దీనిని స్ఫురదీప్తి అంటారు. 1958 నుంచి ఆ వజ్రం అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నది. కొల్లూరు గని పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

కనుక వెలిగిన ప్రతిరాయీ వజ్రం కాదు, వెలగనంతమాత్రాన వజ్రం కాకపోదు. రాయిని ముందు శుభ్రంగా కడగండి. సబ్బుపొడి మరకలు, నూలుపోగులు కూడ నీలంగా వెలుగుతాయి. తరువాత కత్తిమొనతో గీయండి. కాల్సైట్, ఫ్లోరైట్ గీతపడతాయి. సజల హైడ్రోక్లోరికామ్లం చుక్కకు కాల్సైట్ నురగలు కక్కుతుంది. హ్రస్వతరంగ దీపాన్ని కంటితో నేరుగా చూడరాదు. తగిన రక్షక కళ్ళద్దాలు ధరించాలి. ఆ కిరణాల దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్లు బాధ మొదలవుతుంది.

చివరి తీర్పు రత్న పరీక్షాశాలదే. ఆ తీర్పు రాకముందే రాయి వెలిగిందని అప్పుచేసినవాడూ, వెలగలేదని దాన్ని గట్టుకు విసిరినవాడూ చేసిన పొరపాటు ఒక్కటే.