కంటికి కనబడని కాంతికి గాజు పోగులోనే బలం

సూర్యాపేట: హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న సూర్యాపేట, కోదాడ పట్టణాలకు, గుంటూరు రైలుమార్గంలోని మిర్యాలగూడకు టెలిఫోన్, ఇంటర్నెట్ సమాచారం ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల ద్వారా కాంతి రూపంలో చేరుతున్నది. ఈ కాంతి దూరప్రయాణంలో ఏ విధంగా బలం పుంజుకుంటున్నదో పత్రికా ప్రతినిధులు, రహదారి పనులు చేపట్టే అధికారులు తెలుసుకొనుట అవసరం.

దూరప్రాంత కేబుళ్లలో వాడే కాంతి తరంగదైర్ఘ్యం 1,550 నానోమీటర్ల పరిసరాల్లో ఉంటుంది. ఇది కంటికి కనబడని పరారుణ కాంతి. నాణ్యమైన ఫైబర్‌లో సైతం ఇది ప్రతి 15 కిలోమీటర్లకు దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ లెక్కన సూర్యాపేట నుండి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని కోదాడకు చేరేసరికి ఎనిమిదో వంతు మిగులుతుంది. హైదరాబాద్ నుండి సుమారు 135 కిలోమీటర్లు ప్రయాణించి సూర్యాపేట చేరితే మిగిలేది 500వ వంతు మాత్రమే.

పూర్వం క్షీణించిన కాంతిని మధ్యలో విద్యుత్ సంకేతంగా మార్చి, తిరిగి కాంతిగా పంపవలసి వచ్చేది. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఎర్బియం అనే లోహాన్ని స్వల్పంగా కలిపిన ఫైబర్‌తో ఈ అవసరాన్ని తప్పించే మార్గం చూపారు. వేరొక లేజర్ అందించే శక్తిని ఎర్బియం అయాన్లు నిలువ చేసుకొని, సమాచార కాంతి తాకినపుడు అచ్చంగా అటువంటి కాంతినే విడుదల చేస్తాయి. కొన్ని మీటర్ల ఫైబర్‌లోనే కాంతి వందల రెట్లు పెరుగుతుంది.

కంటికి కనబడే లేజర్ కాంతిని పెంచుటకు ప్రసియోడైమియం అనే మరో లోహం ఉపయోగపడుతుంది. మామూలు సిలికా గాజులో దీని శక్తి చాలావరకు వేడిగా వృథా అవుతుంది. అందువలన 1970 దశకంలో ఫ్రాన్స్‌లో కనుగొన్న ఫ్లోరైడ్ గాజును వాడుతారు. నీలి లేజర్‌తో శక్తినిస్తే ఈ ఫైబర్ 635 నానోమీటర్ల ఎరుపు కాంతిని, 520 ప్రాంతపు ఆకుపచ్చ కాంతిని పెంచగలదు. అయితే తరంగదైర్ఘ్యం సగమైతే గాజులో కాంతి చెదరిపోవుట 16 రెట్లు అవుతుంది గనుక, దృశ్యకాంతిని పట్టణాల మధ్య సమాచారానికి వాడరు. ఫైబర్ తెగిన చోటును గుర్తించుటకు సిబ్బంది ఉపయోగించే ఎర్ర లేజర్ సైతం కొద్ది కిలోమీటర్ల వరకే పనిచేస్తుంది.

కనుక తెగిన కేబుల్ చివర చీకటిగా ఉన్నంత మాత్రాన అందులో కాంతి లేదని భావించరాదు. బలం పెంచిన పరారుణ కాంతి కంటికి హాని చేయగలదు. ఎర్బియం ఫైబర్ తగ్గిన కాంతిని పెంచగలదే గాని తెగిన దారిని కలపలేదు. తవ్వకాలు చేపట్టే శాఖలు, గుత్తేదారులు 2023 మార్చి 22న ప్రారంభమైన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ద్వారా కేబుళ్ల యాజమాన్యాలకు ముందుగా తెలియజేసిన పిమ్మటనే పనులు ఆరంభించవలసి ఉన్నది.