ఆంగ్ల వాక్యము: రూపము, ప్రయోజనము

ఒక సంగతి తెలుపుట, తెలియనిది అడుగుట, పని చేయుమనుట, మనసులోని ఆశ్చర్యమును వెలిబుచ్చుట: మనము పలుకు మాటలకు ముఖ్యముగా ఈ నాలుగు ప్రయోజనములు కలవు. వీనిని బట్టియే ఆంగ్ల వ్యాకరణమున వాక్యములను నాలుగు తెగలుగా చెప్పుదురు.

"హి ఈజ్ కమింగ్" అనునది నిశ్చయార్థకము. దీనిని ప్రశ్నగా మార్చుటకు తెలుగున క్రియ చివర 'ఆ' చేర్చిన చాలును. ఆంగ్లమునందో సహాయక్రియ కర్తకు ముందు నిలిచి, "ఈజ్ హి కమింగ్?" అగును. "కమ్ హియర్" అనునది విధ్యర్థకము. ఇందు 'యూ' అను కర్తను అధ్యాహారము చేసికొనవలెను. ఇక "హౌ ఫాస్ట్ హి రన్స్!" అన్నచో ఆశ్చర్యము; "హౌ ఫాస్ట్ డజ్ హి రన్?" అన్నచో ప్రశ్న. మొదటిది పరుగును మెచ్చుకొనును, రెండవది వేగమెంతో అడుగును.

అయితే రూపమొకటి, ప్రయోజనము వేరొకటి యగుటయు కలదు. "కెన్ యూ ఓపెన్ ద డోర్?" అని అడిగినపుడు "యెస్" అని బదులు చెప్పి కదలక కూర్చున్నవారిని చూచి ఎవరైనను నవ్వుదురు. అది ప్రశ్న వేషము వేసికొనిన ప్రార్థన. "ఐ ప్రామిస్" అన్నపుడు మనము వార్త చెప్పుట లేదు, మాట ఇచ్చుచున్నాము. పలుకుటయు ఒక చేతయే యని ఆక్స్‌ఫర్డు తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉపన్యసించెను. ఆయన మరణానంతరము, 1962లో, ఆ ఉపన్యాసములు గ్రంథరూపమున వెలువడినవి.

తెలుగువారు ముఖ్యముగా గమనింపవలసిన దిచ్చటనే యున్నది. "సెలవు ఇవ్వండి" అన్నపుడు 'అండి' అను రెండక్షరములలో మన వినయమంతయు ఇమిడియున్నది. ఆంగ్ల విధ్యర్థకమున అట్టి ప్రత్యయము లేదు. 'కమ్' అను మాట పసివానికిని పెద్దలకును ఒక్కటియే. కావున "గివ్ మీ లీవ్" అని మాటకు మాట తర్జుమా చేసి పలికిన యువకుడు తాను వేడుకొనుచున్నా ననుకొనును. వినువారికది ఆజ్ఞగా తోచును. 'ప్లీజ్' చేర్చినను ఆ కరకుదనము పూర్తిగా పోదు. "కుడ్ ఐ హావ్ లీవ్ టుమారో?" అన్నచో మర్యాద నిలుచును.

మన వ్యాకరణమున ప్రార్థనార్థకమును విధ్యర్థకమునుండి వేరుగా చెప్పుదురు. ఆ భేదము మనకు కొత్తది కాదు. ఆంగ్లమున దానికి తగిన రూపమును ఎరుగుటయే కావలసినది. ఇంటిలోని పిల్లలకు నాలుగు తెగల పేర్లు వల్లింపజేయుటతో తృప్తి పడక, ఏ రూపము ఎవరియెదుట ఏ పనికి వచ్చునో కూడ నేర్పుట మేలు.