అర్థశౌచం

సంక్రాంతి దగ్గర పడితే గుంటూరు, ప్రకాశం సీమల్లో బూజు దులపని ఇల్లు ఉండదు. గోడలకు సున్నం, గడపకు పసుపు. పనిలో పనిగా పెరటిలోని సెప్టిక్ ట్యాంకును కూడా తోడించుకుంటారు. ఇద్దరు ముగ్గురు ట్యాంకరు యజమానులను ధర అడుగుతారు. ఒకరు మిగిలినవారికన్నా బాగా తక్కువకు ఒప్పుకుంటారు. పని వారికే దక్కుతుంది. ఇందులో దోషమేముందని మీరు అడగవచ్చు.

ధర తగ్గించడం దానంతటది దోషం కాదు. ఒకే వీధిలో రెండు మూడు పనులు కుదుర్చుకుని డీజిలు ఖర్చు మిగుల్చుకున్నవాడు, తన లాభంలోనే కొంత వదులుకున్నవాడు తక్కువ అడిగితే అది నేర్పు. ఆ తగ్గింపు ఎవరి సొమ్ములోంచి వచ్చిందన్నదే ప్రశ్న. మిర్చి యార్డుకు సరుకు తోలే రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తాలుకాయ కలిపిన బస్తా చౌకగా వచ్చినా అది చౌక కాదని ఆయనకు తెలుసు.

ఈ పనిలో కలిసే తాలు ఏమిటి? గొట్టానికి అందని అడుగు మడ్డిని ఎత్తడానికి ఒక నిరుపేదను లోపలికి దించడం. అక్కడి విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. కాపాడబోయి దిగినవాడూ తిరిగి రాని సందర్భాలు ఎన్నో. ఇక తోడిన మలినాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చక చీకటిమాటున కాలువలో పారబోయడం మరొకటి. సాగర్ కుడి కాలువ నీటితో పైర్లు పండించుకుని, ఊరి చెరువులు నింపుకునే సీమ మనది!

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో ప్రాణం పోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా పరికరాలు కొని, కూలి సక్రమంగా ఇచ్చే యజమాని ఆ చౌక ధరకు తట్టుకోలేడు. వ్యాపారం మూసుకోవాలి, లేదా తానూ మనిషిని దించాలి. పోటీదారుకు జరిగే అన్యాయం ఇదే.

మహాభారతం శాంతిపర్వంలో తులాధారుడనే వర్తకుడున్నాడు. జడల్లో పక్షులు గూడు కట్టినా చలించక తపస్సు చేసిన జాజలి మహర్షి ధర్మం తెలుసుకోవడానికి ఆయన అంగడికి వెళ్ళవలసి వచ్చింది. ప్రాణులకు ద్రోహం లేకుండా, తప్పనిసరైతే అత్యల్ప ద్రోహంతో సాగే జీవికే పరమధర్మమని ఆయన బోధ. తన త్రాసు అందరికీ సమమని కూడా అన్నాడు. కూలివాని ప్రాణం ఆ త్రాసులో ఒక తట్టలో ఉంటుందని వేరే చెప్పాలా?

శౌచాలన్నిటిలో ధన విషయమైన శౌచమే గొప్పదని, మట్టితో నీటితో కడుక్కున్నంత మాత్రాన శుచి కాడని మనుస్మృతి అంటుంది. ఇతర విషయాల్లో ఆ గ్రంథంతో విభేదించేవారు కూడా ఈ మాటను కాదనరు. బేరమాడేటప్పుడు ఆ శౌచం వర్తకుడికి ఎంత అవసరమో మనకూ అంతే అవసరం.

ఈసారి ట్యాంకరు వాకిట ఆగినప్పుడు ధరకన్నా ముందు రెండు మాటలు అడగండి. మనిషిని దించుతారా? తోడింది ఎక్కడ పోస్తారు? ఎక్కువ ధర చెప్పినవారినీ ఇవే అడగండి. ఎక్కువ అడిగినంత మాత్రాన వారూ శుచులు కారు.